తిర్జా చదివిన కీర్తన

పోయిన వారం మిమ్మల్ని మా తమ్ముడు గ్రాంట్ ఇంట్లో, సరుకుల గది తలుపు దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయాను. లోపల మా మరదలు లియాన్ పిండి డబ్బా మీద కూర్చుని ఏడుస్తోంది. ఏమైందే అంటే, "రేపు బల్ల దగ్గర తిర్జా ఏం చేస్తుందోనని భయంగా ఉంది వదినా" అంది. తిర్జా వాళ్ళ రెండో కూతురు, పదేళ్ళ పిల్ల. ఈ సెప్టెంబరులో సంఘం వాళ్ళందరితో కలిసి ఏట్లో దిగి బాప్తిస్మం తీసుకోవాలని ఆ పిల్ల ప్రాణం కొట్టుకుంటోంది. ముందు మొండితనం వదలాలి, ఆ తర్వాతే బాప్తిస్మం అని తండ్రి పట్టు. పాఠం ముందు పెడితే నోరు విప్పదు, పుస్తకం తియ్యమంటే మేకల దొడ్లోకి పారిపోతుంది, ఇలాంటి పిల్లను నీళ్ళలో ముంచి ఏం లాభం అంటాడు. దాని చదువు గురించి నోరెత్తిన పాపానికి లియాన్ తల్లి నడీన్‌కు రెండేళ్ళ కిందట ఈస్టరు భోజనం మధ్యలో గుమ్మం చూపించాడు. ఆవిడ మళ్ళీ ఈ ఇంటి గడప తొక్కలేదు. కొత్తగా చదువుతున్నవాళ్ళకు ఒక మాట: నా పేరు రోండా. గ్రాంట్‌కు అక్కను. ఇదే పొలంలో ఒక మూల చిన్న ఇల్లు వేసుకుని మేకలు పెంచుకుంటూ, అడిగినా అడగకపోయినా అందరికీ సలహాలు ఇస్తూ బతుకుతున్నాను. ఇక శనివారం సంగతి వినండి.

మా తమ్ముడి పిల్లలు బడికి వెళ్ళరు. వంటింటి బల్లే వాళ్ళకు బడి, లియానే పంతులమ్మ. ఏటా ఆగస్టులో కొత్త పుస్తకాలు తెరవక ముందు ఒక శనివారం ఆ బల్ల చుట్టూ అందరం కూర్చుని ఏడాదికి లక్ష్యాలు పెట్టుకుంటాం. బాల యేసు ఎలా పెరిగాడో సువార్తలో ఒక్క ముక్కలో ఉంది కదా, దాన్ని పట్టుకుని గ్రాంట్ తెల్లబోర్డు మీద నాలుగు గళ్ళు గీస్తాడు: జ్ఞానం, ఒళ్ళు, దేవుడు, మనుషులు. ఒక్కొక్కళ్ళు తమ లక్ష్యం చెప్పాలి. బల్ల దగ్గరున్న ప్రతివాళ్ళూ ఆమెన్ అంటేనే అది బోర్డెక్కుతుంది. ఒక్కరు అనకపోయినా ఎక్కదు. ఈ నియమం పెట్టింది గ్రాంటే. తండ్రి ఒక్కడే అన్నీ తేల్చేస్తే అది ఇల్లు కాదు, మిలటరీ అవుతుందని పెళ్ళైన కొత్తలో అనేవాడు. ఇన్నేళ్ళలో ఆమెన్ అనని మనిషి లేదు కాబట్టి ఆ నియమం ఎంత గట్టిదో చూసే అవసరం ఎవరికీ రాలేదు.

ఇంకో నియమం కూడా ఉంది. బల్ల దగ్గర "దేవుడు నా మనసులో పెట్టాడు" అనకూడదు. మా సంఘంలో ఆ మాట ఎవరైనా అన్నారంటే ఎదుటివాళ్ళు నోరు మూసుకోవాల్సిందే, దేవుడితో ఎవరు వాదిస్తారు? ఒక ఏడాది పెద్దపిల్ల కెజియా, దేవుడు తన మనసులో గుర్రాన్ని పెట్టాడని చెప్పింది. అప్పటి నుంచి ఆ మాట నిషేధం.

భోజనాలయ్యాయి. పీచ్ పళ్ళు వేసి లియాన్ కాల్చిన కాబ్లర్ మిఠాయి పళ్ళెం బల్ల మధ్యలో పొగలు కక్కుతోంది. వాళ్ళ చిన్నవాడు, రెండేళ్ళ జడ్ ఎత్తు కుర్చీలో కూర్చుని చెంచాతో బల్లను వాయిస్తున్నాడు. గ్రాంట్ పొద్దున్నే ఎవరి పొలంలోనో బోరు వేసి వచ్చాడు. ఎంత కడుక్కున్నా చేతి గోళ్ళలో బూడిదరంగు మట్టి అలాగే ఉంది. ప్రార్థన చేసి, మార్కర్ మూత తీశాడు.

ముందు కెజియా లేచింది. దానికి పదిహేనేళ్ళు.

"జ్ఞానం గడిలో జామెట్రీ పూర్తి చెయ్యడం. ఒళ్ళు గడిలో రోజూ పొద్దున్నే పరుగు. మనుషుల గడిలో..." కాస్త ఆగింది. "డ్రైవింగ్ నేర్చుకోవడం."

"దానివల్ల మనుషులకేమిటి మేలు?" అన్నాడు గ్రాంట్.

"నేను బాగా నేర్చుకుంటే వాళ్ళు బతికుంటారు నాన్నా."

నవ్వుల మధ్యే ఆమెన్లు పడ్డాయి. తర్వాత వంతు నాది.

"కూల్‌డ్రింకులు మానెయ్యడం," అన్నాను.

"అత్తా, అది పోయినేడాది లక్ష్యం!" అంది కెజియా.

"అంతకు ముందేడాదిది కూడా," అన్నాడు మా తమ్ముడు.

"అందుకే కదరా, అలవాటైపోయింది. కొత్తది పెట్టుకుంటే దాన్ని కూడా పాడుచెయ్యాలి."

లియాన్ ఆ రోజు మొదటిసారి నవ్వింది. "వదినా, ఈసారి ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగడం అని పెట్టుకోండి, అది మీకు..."

"ఆమెన్," అనేశాను.

అప్పుడు తిర్జా వంతు వచ్చింది. జడ బిగించి వేసుకుని, ఆదివారం గౌను తొడుక్కుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. బోర్డు మీద దాని పేరు కింద రెండేళ్ళ కిందట తండ్రి రాసిన మాట అలాగే ఉంది. మిగతా వాళ్ళవన్నీ ఏటా తుడుస్తారు, తీరిన లక్ష్యాలు తుడుస్తారు. దానిది తీరలేదు కాబట్టి తుడవలేదు.

"దేవుడి గడిలో బాప్తిస్మం," అంది తిర్జా. "ఈ సెప్టెంబరులో."

గ్రాంట్ రాయలేదు. "దానికి ముందు ఒకటుంది కదా తల్లీ," అని బోర్డు వైపు చూపించాడు. "ఏమిటది?"

"విధేయత," అంది తిర్జా తలెత్తకుండానే.

"అది తీరనీ. ఇది ఎక్కడికీ పోదు." వాడు కోపంగా అనలేదు. వాడి బాధ ఏమిటంటే, నిజంగానే నమ్మాడు. పిల్ల మనసు వంకరగా పెరుగుతోందని, తండ్రిగా తను దాన్ని సరిచెయ్యకపోతే దేవుడి ముందు జవాబు చెప్పాలని రాత్రింబవళ్ళు మథనపడేవాడు. మంచివాడు పొరబడితే చెడ్డవాడి కంటే గట్టిగా పొరబడతాడు, వాడికి అనుమానం రాదు కాబట్టి.

అలమర దగ్గరికి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల కొత్త బైబిళ్ళు, తలా ఒకటి. మా ఇంట్లో ఇన్నాళ్ళూ మా నాన్న కాలం నాటి పాత తర్జుమానే. పిల్లలు బట్టీపట్టేదీ, సంఘంలో నిలబడి చెప్పేదీ అందులోంచే. ఇవి మాత్రం కొత్త తర్జుమా, మనం మాట్లాడుకునే మాటల్లో ఉంటుంది.

"ఇది ఇంటి మొత్తానికి లక్ష్యం," అన్నాడు గ్రాంట్. గొంతులో మురిపెం దాచుకోలేకపోతున్నాడు. "రోజూ పొద్దున టిఫిన్ దగ్గర ఒక్కొక్కరు ఒక్కో పేజీ పైకి చదవాలి. ఎవరి వంతు వాళ్ళే. ఏడాది తిరిగేసరికి పుస్తకం అయిపోవాలి. ఆమెన్?"

"ఆమెన్," అంది కెజియా. లియాన్ అంది. నేనూ అన్నాను. జడ్ చెంచాతో అన్నాడు.

"తిర్జా?"

"నేను అనను."

గ్రాంట్‌కు సరిగ్గా వినపడలేదనుకుంటా. "ఏమిటీ?"

"ఆమెన్ అనను నాన్నా. ఒక్కరు అనకపోయినా బోర్డెక్కదు కదా."

కెజియా "ఓరి దేవుడా" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గ్రాంట్‌కు మెడ దగ్గర ఎర్రబడింది. వాడు అరిచే మనిషి కాదు. కోపం వచ్చేకొద్దీ గొంతు తగ్గిపోతుంది, అదే భయం.

"ఎందుకు అనవు?"

"ఊరికే."

"బైబిలు చదవడానికి ఆమెన్ అనని పిల్ల బాప్తిస్మం అడుగుతోంది. వింటున్నావా లియాన్?"

"గ్రాంట్, రేపు మాట్లాడదాం. పిల్ల వణుకుతోంది చూడు."

"లేదు. ఈ మొండితనం ఈ రోజే తేలిపోవాలని దేవుడు నా మనసులో..."

"నాన్నా, నియమం!" అంది కెజియా.

నాకు నవ్వొచ్చింది. ఇంకెవరూ నవ్వకపోయేసరికి దాన్ని దగ్గులోకి మార్చుకున్నాను. గ్రాంట్ ఆ మాట మింగి, ఒక కొత్త బైబిలు తీసి, పేజీ వెతికి తిర్జా ముందు పెట్టాడు.

"సరే. నీకిష్టమైనదే, కాపరి కీర్తన. పేజీ కూడా నేనే తీశాను. ఇది చదివి వినిపించు. ఆ తర్వాత ఎందుకు ఆమెన్ అనవో చెబుదువుగాని."

తిర్జా మొహం చూసి నేను ఆశ్చర్యపోయాను. గండం గడిచినట్టు వెలిగిపోయింది. పుస్తకం దగ్గరికి లాక్కుని, మొదటి వరస కింద వేలు పెట్టి మొదలుపెట్టింది.

ఎంత బాగా చదివిందని! ఆగాల్సిన చోట ఆగుతూ, గొంతు దించాల్సిన చోట దించుతూ, వేలు వరస వెంట నడిపిస్తూ. గ్రాంట్ కళ్ళు మూసుకున్నాడు. చిన్నవాడు కూడా చెంచా ఆపాడు. సంఘంలో ఆ పిల్ల నిలబడితే ముసలాళ్ళు కళ్ళు తుడుచుకునేది ఊరికే కాదు. నేను కూడా మైమరచి వింటూ, ఎందుకో లియాన్ వైపు చూశాను.

లియాన్ తన కొత్త పుస్తకంలో అదే కీర్తన మీద వేలు పెట్టి కూతురితో పాటు చదువుతోంది. ఆ వేలు ఆగిపోయింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముందుకొచ్చి మళ్ళీ ఆగింది. ఏమిటా అని వంగి చూశాను. ఆ పేజీలో ఉన్నది మనం మాట్లాడుకునే భాష. తిర్జా నోట్లోంచి వస్తున్నది పాత తర్జుమా. "నీయొక్క"లు, "అయియున్నది"లు, "చేయుచున్నావు"లు ఒక్కటీ పొల్లుపోకుండా వస్తున్నాయి. ఆ పుస్తకంలో వెతికినా అలాంటి మాట ఒక్కటి లేదు.

కీర్తన అయిపోయింది. గ్రాంట్ తడికళ్ళు తెరిచి, "ఇంత బాగా చదివే పిల్లవి, మరి ఆ మొండితనం..." అని మొదలుపెట్టాడు.

"తిర్జా," అంది లియాన్ మెల్లగా. "దాని కిందే ఇంకో కీర్తన ఉంది. అది కూడా చదువు బంగారం."

"అదెందుకిప్పుడు?" అన్నాడు గ్రాంట్.

"ఒక్క నిమిషం ఆగు గ్రాంట్. మొదటి వరస చాలు తల్లీ."

తిర్జా వేలు కిందికి జరిగింది. మొదటి అక్షరం పలికింది. రెండోది పలికింది. రెండూ కలపబోయి ఆగిపోయింది. మళ్ళీ మొదటికొచ్చింది. చెవులు ఎర్రగా కందిపోయాయి. పుస్తకం మూసేసి నా వైపు తిరిగింది.

"అత్తా, పాలు పితికే వేళైంది. వెళ్దాం పద."

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆ వేళ ఏ మేకా పాలివ్వదు. నా మేకలంటే దానికి అంత ప్రేమేమిటా అని రెండేళ్ళుగా మురిసిపోతున్నాను. అది దొడ్లోకి పరిగెత్తుకొచ్చేది ఎప్పుడూ చదువు వేళకే అని ఆ క్షణంలో తట్టింది.

లియాన్ కుర్చీ దిగి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఎప్పుడూ రాలేదమ్మా." ఆ మాట బయటపడ్డాక ఇక ఆగలేదు. "అక్షరాలన్నీ తెలుసు. విడివిడిగా అడిగితే చెప్పేస్తాను. పక్కపక్కన నిలబెడితే ఒకదాన్నొకటి తోసుకుంటాయి, దొడ్డి తలుపు తీసినప్పుడు అత్త మేకలు తోసుకున్నట్టు. నేను పట్టుకునేలోపు అన్నీ కలిసిపోతాయి."

"మరి సంఘంలో చెప్పేవన్నీ? అధ్యాయాలకు అధ్యాయాలు?"

"నువ్వు చదివేటప్పుడు వింటాను. అక్కతో చదివించుకుంటాను. రెండుసార్లు వింటే ఉండిపోతుంది."

"నీ గొంతు బాగుంటుంది, చదివి వినిపించక్కా అనేది!" కెజియా కుర్చీలోంచి లేచి నిలబడింది. "నేను నిజమే అనుకున్నాను!"

గ్రాంట్ ఇంకా కదల్లేదు. మార్కర్ చేతిలో అలాగే ఉంది, మూత లేకుండా. "ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా," అన్నాడు. "రెండేళ్ళుగా నిన్ను మొండిదానివని తిడుతున్నాను. శిక్షలు వేశాను. బాప్తిస్మం ఆపాను. కాదు నాన్నా, నాకు చదవడం రావట్లేదు అని ఎందుకు చెప్పలేదు?"

తిర్జా తండ్రి మొహంలోకి సూటిగా చూసింది. ఆ జవాబు ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టుంది.

"మొండితనం పాపం కదా నాన్నా. పాపానికైతే క్షమాపణ ఉంటుంది. దేవుడూ క్షమిస్తాడు, నువ్వూ క్షమిస్తావు. తెలివి లేకపోతే ఎవరు క్షమిస్తారు?"

పదేళ్ళ పిల్ల. మేం నేర్పిన మాటలతోనే లెక్క వేసుకుని, రెండింట్లో తేలికైన నింద ఏదో చూసి నెత్తిన పెట్టుకుంది.

అప్పుడు లియాన్ నవ్వడం మొదలుపెట్టింది. ముందు ఏడుస్తోందనుకున్నాను. కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కానీ నవ్వే.

"మొండితనం కాదు గ్రాంట్! వింటున్నావా? మొండితనం కాదు!" కుర్చీలో ఉన్న కూతుర్ని కావలించుకుని ఊపేస్తోంది. "రెండేళ్ళుగా మోకాళ్ళ మీద పడి, ప్రభూ, ఈ పిల్ల మనసు మెత్తబెట్టు అని అడుక్కుంటున్నాను. నేనేం తప్పు చేశానో, ఎక్కడ చెడగొట్టానో అని చచ్చిపోతున్నాను. దీని మనసుకేమీ కాలేదు! దీని మనసు బంగారం! చదవడం రాదు, అంతే! చదవడమే కదా!"

"తెలివి కూడా ఉంది," అంది కెజియా ముక్కు చీదుతూ. "నాకు ఒక్క కీర్తన బట్టీ పట్టడానికి నెల పడుతుంది. ఇది రెండుసార్లు విని అధ్యాయం అప్పజెప్పేస్తుంది. తెలివి లేదంట."

నేను ఇక ఊరుకోలేకపోయాను. "ఒరేయ్ గ్రాంట్, బోరు వేస్తుంటే కింద రాయి తగిలిందనుకో. ఏం చేస్తావు? రాయికి విధేయత కావాలని బోర్డు మీద రాస్తావా, డ్రిల్లు బిట్టు మారుస్తావా?"

"బిట్టు మారుస్తానక్కా," అన్నాడు వాడు, తల దించుకుని.

"మరి?"

గ్రాంట్ బోర్డు దగ్గరికి వెళ్ళి తిర్జా పేరు కిందున్న మాటను అరచేత్తో రుద్దాడు. రెండేళ్ళుగా ఉండిపోయిన రాత, రాలేదు. అంట్లగుడ్డ తడిపి తెచ్చి రుద్దాడు. చివరికి వెనిగర్ పోసి గట్టిగా తోమితే బోర్డు తెల్లబడింది. చొక్కా చేతులన్నీ నల్లగా చేసుకుని వచ్చి, కూతురి ముందు నేల మీద చతికిలబడ్డాడు. అంత పొడుగు మనిషి అలా కూర్చుంటే తిర్జా మొహం వాడి మొహం కంటే పైన ఉంది.

"నన్ను క్షమిస్తావా తల్లీ?"

తిర్జా కాసేపు ఆలోచించింది. "నీది పాపమా నాన్నా, తెలివితక్కువతనమా?"

"రెండూనూ," అన్నాడు గ్రాంట్.

"అయితే రెండూ క్షమించాను."

వాడు కూతురి ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మా నాన్న పోయిన రోజు కూడా వాడు అలా ఏడవడం నేను చూడలేదు. తిర్జా వాడి జుట్టు నిమురుతూ, "ఊరుకో నాన్నా, అయిపోయింది కదా" అంటోంది. ఇల్లంతా ఒక్కసారిగా తేలికపడింది. ఎంతోకాలంగా మూసి ఉన్న కిటికీ ఎవరో తెరిచినట్టు, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని ఊరికే నవ్వుకున్నాం.

తేరుకున్నాక గ్రాంట్ లేచి, దేవుడి గడిలో తిర్జా పేరు పక్కన పెద్ద అక్షరాలతో "బాప్తిస్మం, సెప్టెంబరు" అని రాశాడు. అందరి ఆమెన్లూ ఒక్కసారే పడ్డాయి. తిర్జా కాబ్లర్ పళ్ళెం ముందుకు లాక్కుంది. ఈ రెండేళ్ళలో ఆ పిల్ల అంత ఇష్టంగా తినడం నేను చూడలేదు. చెంచా నోట్లో పెట్టుకునే, "జ్ఞానం గడి ఖాళీగా ఉంది నాన్నా," అంది.

"ఏం రాయమంటావు?"

"చదవడం. నాకు నిజంగా చదవడం రావాలి."

"ఆమెన్!" అన్నాడు గ్రాంట్ బల్ల చరుస్తూ. కెజియా అంది, నేనన్నాను. లియాన్ అనలేదు.

"నేను ఇప్పుడే అనలేను," అంది. "నాకు తెలిసిన పద్ధతులన్నీ ఈ పిల్ల మీద అయిపోయాయి గ్రాంట్. ఒట్టి కోరిక బోర్డు మీద రాసి దాన్ని మళ్ళీ ఏడిపించను. దీనికి నేర్పడం నాకు రాదు. వచ్చిన మనిషి ఒకరున్నారు."

పేరు ఎవరూ పలకలేదు, పలకక్కర్లేదు. లియాన్ తల్లి నడీన్ స్ప్రింగ్‌ఫీల్డులో ప్రభుత్వ బడి పంతులమ్మ. అక్షరాలు ఇలా తోసుకునే పిల్లల్ని చేరదీసి చదివించడమే ఆవిడ జీవితమంతా చేసిన పని. ఆ ఈస్టరు నాడు ఆవిడ అన్నది ఇదే: ఈ పిల్లకు చదవడం రావట్లేదు, మీరు వింటున్నది కంఠస్థం. గ్రాంట్‌కు ఒళ్ళు మండింది. తిర్జాను నిలబెట్టి, బైబిలు చేతిలో తెరిచిపెట్టి, ఒక అధ్యాయం మొత్తం చదివించాడు. ఆ తర్వాత, "ప్రభుత్వ బడి కళ్ళతో మా ఇంటిని చూడకండి అత్తయ్యా" అని తలుపు తెరిచి పట్టుకున్నాడు. పళ్ళెంలో వడ్డించిన మాంసం ముట్టుకోకుండా ఆవిడ కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

గ్రాంట్ వరండాలోకి వెళ్ళాడు. మేం ఎదురుచూస్తూ కూర్చున్నాం. అన్న మాట వెనక్కి తీసుకోవడం మా వంశంలోనే లేదు, నాకు భయమేసింది. లోపలికి వచ్చినప్పుడు వాడి నెత్తిన టోపీ, చేతిలో వ్యాను తాళాలు ఉన్నాయి.

"ఎక్కండి అందరూ."

"ముందు ఫోన్ చేద్దాం గ్రాంట్," అంది లియాన్.

"నా గొంతు వింటే ఆవిడ పెట్టేస్తుంది. పెట్టేసినా తప్పులేదు. గుమ్మం చూపించినవాణ్ణి, వెళ్ళి ఆవిడ గుమ్మంలోనే నిలబడి అడుగుతాను."

"ఆమెన్," అంది లియాన్.

దారి పొడుగునా నవ్వులే. గ్రాంట్ వ్యాను నడుపుతూ అత్తగారికి చెప్పాల్సిన క్షమాపణ పైకి చెప్పుకుంటున్నాడు. వెనక సీట్లోంచి కెజియా దిద్దుతోంది.

"అత్తయ్యా, ఆ రోజు పొరపాటు జరిగింది..."

"జరిగింది కాదు నాన్నా, చేశాను."

"పొరపాటు చేశాను. అయినా ఒక తండ్రిగా..."

"'అయినా' తీసెయ్. అది ఉంటే క్షమాపణ కాదు, వాదన."

"నువ్వు లాయరువవుతావే."

"మనుషుల గడిలో రాసుకుంటాను."

తిర్జా నా భుజానికి ఆనుకుని కూర్చుంది. అమ్మమ్మ ఇంట్లో పసుపురంగు కుర్చీ ఉంటుందని, అందులో ఇద్దరు పడతారని, అమ్మమ్మ కోప్పడదని, ఎన్నిసార్లు తప్పు చెప్పినా కోప్పడదని చెబుతూనే ఉంది. లియాన్ ముందు సీట్లోంచి వెనక్కి చెయ్యి చాపి దాని మోకాలు పట్టుకుంది. దారంతా ఆ చెయ్యి తియ్యలేదు. గడ్డి కోసిన పొలాల మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. ఇంక ఏ కష్టమూ మిగల్లేదని నాకు గట్టిగా అనిపించింది.

నడీన్ వీధిలోకి తిరిగాం. గ్రాంట్ ఆ ఇంటి ముందు వ్యాను ఆపి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తలుపు తియ్యబోయి ఆగిపోయాడు.

కిటికీలకు పరదాలు లేవు. వరండాలో పూలకుండీలు లేవు. కారు పెట్టే షెడ్డు తలుపు తెరిచి ఉంది, లోపల కారు లేదు, సామాను లేదు, ఊడ్చిన నేల మాత్రం ఉంది. ముందున్న గడ్డిలో ఒక కర్రకు పలక కొట్టి పాతారు. దాని మీద ఎర్రటి అక్షరాలతో ఒకే ఒక్క మాట: అమ్మేశారు.

లియాన్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నాతో ఒక్క మాట కూడా..." అని ఆపేసింది.

"నాన్నా, అమ్మమ్మ ఇంటి ముందు ఏదో పలక పెట్టారు," అంది తిర్జా నా మీదుగా కిటికీలోకి వంగి. "ఏం రాసుంది?"

గ్రాంట్ ముందుకే చూస్తున్నాడు. కెజియా తల తిప్పుకుంది. మాకందరికీ చదవడం వచ్చు, ఒక్కరం కూడా నోరు విప్పలేదు.

తిర్జా మా మొహాలు ఒకటొకటిగా చూసింది. ఆ తర్వాత కిటికీ అద్దం మీద వేలు పెట్టి, తనంతట తనే మొదటి అక్షరం పలికింది. ఆగి, రెండోది పలికింది. ఆ రెండింటినీ కలిపింది.